గోడ జోలికి పోనివ్వని టెస్టర్

1997లో తార్నాకలో మాకు రెండు గదుల ఆఫీసు ఉండేది. కింద టిఫిన్ సెంటర్, పైన మేము. కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ కేబుల్ వేయడం మా పని. ఆ ఏడాది యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక కంప్యూటర్ ల్యాబ్ పని దొరికింది. పాత రాతి భవనం. గోడల్లోంచి కేబుల్ లాగేసరికి మావాళ్లకు తలప్రాణం తోకకొచ్చింది.

మా మేస్త్రీ యాదగిరి అంతకుముందు టెలిఫోన్ లైన్లలో చేయి తిరిగినవాడు. కేబుళ్లన్నీ ఒకచోట చేరే ప్యాచ్ ప్యానెల్ దగ్గర తీగలను విడదీసి, నిటారుగా సాగదీసి, దారంతో కట్టేవాడు. దువ్వి పాపిడి తీసినట్టుండేవి. కొత్త కస్టమర్లకు ఆ ప్యానెల్ చూపించి మురిసిపోయేదాన్ని.

పాత వేగంలో అంతా బాగానే నడిచింది. డిపార్ట్‌మెంట్‌వాళ్లు దానికి పదింతలు, వంద మెగాబిట్ల వేగంతో నడిచే నెట్‌వర్క్ స్విచ్‌లు తెచ్చి పెట్టగానే కంప్యూటర్లు ఎక్కడికక్కడ ఆగిపోవడం మొదలైంది. ల్యాబ్ చూసే ప్రొఫెసరమ్మ నన్ను పిలిపించారు.

"మీ కేబులే మంచిది కాదనుకుంటాను. ప్యానెల్ నుంచి కంప్యూటర్ దాకా ప్రతి లింకుకీ సర్టిఫికేషన్ రిపోర్టు ఇవ్వండి. ఇవ్వలేకపోతే మొత్తం పీకించి ఇంకొకరికి అప్పజెప్తాను."

ఆ గోడలు మళ్లీ తవ్వడమంటే మా చిన్న కంపెనీ మూతపడ్డట్టే. మా దగ్గరున్నదల్లా బల్బుల టెస్టర్. తీగ ఈ చివరి నుంచి ఆ చివరికి చేరిందా లేదా అన్నంతవరకే చెబుతుంది. సర్టిఫికేషన్ టెస్టర్ వేరు. ఆ వేగంలో వెళ్లే సిగ్నల్ చెడిపోకుండా చేరుతుందో లేదో కొలుస్తుంది. మా ఆఫీసు సామానంతా అమ్మినా అది రాదు. అయినా అప్పోసప్పో చేసి ఒకటి కొనక తప్పదు.

ఇద్దరు డీలర్లు డెమోకి వచ్చారు. ఇద్దరూ తమ సంచిలోంచి మూరెడు కేబుల్ తీసి, తగిలించి, పచ్చలైటు చూపించారు. వాళ్ల కేబుల్ మీద వాళ్ల మిషన్ పాస్ అనక ఏమంటుంది? ఇద్దర్నీ తీసుకుని క్యాంపస్‌కి వెళ్లాను. అన్నిటికన్నా ఎక్కువ సతాయిస్తున్న లింకు మీద పెట్టమన్నాను.

యాదగిరికి ఇదేం నచ్చలేదు. "బల్బులన్నీ మంచిగనే వెలుగుతున్నయి మేడం. గీ మిషిన్లు అమ్ముకునేటోళ్లు ఏదో ఒకటి చెప్తనే ఉంటరు."

మొదటి టెస్టర్ ఫెయిల్ అంది. ఎందుకని చూస్తే ఒక అంకె చూపించి ఊరుకుంది. "కేబుల్ మార్చేయండి మేడం," అన్నాడు డీలర్ తేలిగ్గా. ప్రొఫెసరమ్మ నావైపు చూశారు. యాదగిరి తల దించుకున్నాడు.

రెండోదీ ఫెయిలే అంది. కానీ దాని డీలర్ ఇంకో మీట నొక్కాడు. చిన్న తెర మీద గీత ఒకటి సాగింది. ఒక జత తీగల సిగ్నల్ పక్క జతలోకి చొరబడడాన్ని క్రాస్‌టాక్ అంటారు, ఫోన్లో పక్కింటివాళ్ల మాటలు వినబడినట్టు. అది కేబుల్‌లో ఎంత దూరాన జరుగుతోందో ఆ గీత చూపిస్తుందట. మొదట్లో ఒకచోట ఎగిరింది, చివర్లో ఒకచోట ఎగిరింది. మధ్యలో, గోడ లోపల ఉన్నదంతా చదునుగా ఉంది.

గోడ లోపల ఏ లోపమూ లేదు. ఉన్నదల్లా రెండు కొసల్లో, ప్యానెల్ దగ్గరా కంప్యూటర్ దగ్గరా, యాదగిరి చెయ్యిపడ్డ చోట. జత తీగలు ఒకదానికొకటి మెలిపడి ఉంటేనే క్రాస్‌టాక్ ఆగుతుంది. అందంగా కట్టడం కోసం ఆ మెలికనే అతను జానెడు పొడవున విప్పేశాడు. టెలిఫోన్‌కి అది చెల్లింది.

"మెలిక విప్పకుండా, కొసదాకా అట్లనే ఉంచి మళ్లీ బిగించు యాదగిరీ."

"గట్ల చేస్తే మంచిగ కనవడది మేడం."

"కనబడకపోతే పోనీ."

రెండు చివర్లా మళ్లీ బిగించాడు. చూడ్డానికి నిజంగానే చింపిరిగా ఉంది. ప్రొఫెసరమ్మ కళ్లద్దాలు సవరించుకుని తెర మీదికి వంగారు. పాస్ అని వచ్చింది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. "ఇంకొకటి చేయండి," అన్నారావిడ. మళ్లీ బిగించాక అదీ పాస్. మూడోదానికి మీట ఆవిడే నొక్కారు. "గోడలు పగలగొట్టక్కర్లేదు, పని పూర్తి చేయండి," అన్నప్పుడు ఆవిడ మొహంలోనూ సంబరం దాగలేదు.

ఆ తర్వాత చాలా టెస్టర్లు కొన్నాను. ఏది కొనాలని ఎవరడిగినా ఒకటే చెబుతాను: మంచి లింకు మీద అన్నీ మంచివే, చెడిపోయిందని తెలిసిన లింకు మీద పెట్టి చూడండి. కానీ ఆ రోజు ఎంచుకున్నది నేను కాదు. మొదటి డీలర్ ధర తగ్గిస్తానంటూ వెంటపడుతుంటే యాదగిరిని అడిగాను, ఏది తీసుకుందామని. అతను రెండో టెస్టర్ మీద చెయ్యి వేశాడు.

"రెండూ నాదే తప్పన్నయి మేడం," అన్నాడు. "గని ఇది యాడ చేసిన్నో చూపెట్టింది. దిద్దుకోనిచ్చింది. ఇదే కొనుర్రి."