బండి ఆగిన చోటు

మా ఆయన స్కూలు వ్యాన్ నడిపేవాడు. అదే వ్యాన్‌లో నేను ఆయమ్మని. పొద్దున్నే మా ఇంటి ముందే బండి స్టార్ట్ చేసి, యర్రగొండపాలెం రోడ్డు మీది పల్లెలన్నీ తిరిగి పిల్లల్ని ఎక్కించుకుని మార్కాపురంలో బడి దగ్గర దింపేవాళ్ళం. సాయంత్రం మళ్ళీ అదే దారి. మొగుడూ పెళ్ళాం ఒకే బండిలో పనిచేస్తారని ఊళ్ళోవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. మీకేమమ్మా, రోజూ షికారే అనేవాళ్ళు. నాకు నిజంగానే షికారులా ఉండేది. స్టీరింగ్ దగ్గర ఆయన, తలుపు దగ్గర నేను, మధ్యలో పిల్లల గోల.

ఆయన చిన్నతనంలోనే బడి మానేసి పలకల గనిలో పనికి పోయిన మనిషి. తర్వాత ఎవరి దగ్గరో ట్రాక్టరు నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని ఈ పనిలో చేరాడు. బయట ఎక్కువ మాట్లాడడు. బండెక్కితే మాత్రం మారిపోయేవాడు. ఎవరు టిఫిన్ తినకుండా వచ్చారో, కిటికీ పక్కన కూర్చోబెట్టకపోతే ఎవరు వాంతి చేసుకుంటారో అద్దంలో చూసి నాకు చెప్పేవాడు. పిల్లలు ఆయన్ని డ్రైవర్ మామ అనేవాళ్ళు.

మాకున్న ఒక్క బాధ ఫోన్లు. కాస్త ఆలస్యమైతే చాలు, ప్రతి తల్లీ ఫోన్ చేసి యాడున్నారని అడిగేది. ఆయన మోగుతున్న ఫోన్ నా చేతికిచ్చేవాడు. వాన పడిన రోజు నాకు పిల్లల్ని దించడం కంటే జవాబులు చెప్పడమే పెద్ద పని. అందుకే బడివాళ్ళు వ్యాన్లకు జీపీఎస్ పెట్టిస్తున్నామన్నప్పుడు అందరికంటే సంతోషించింది ఆయనే. ఇంక నీకు విశ్రాంతే అన్నాడు నాతో.

ఒకతను వచ్చి డాష్‌బోర్డు కింద చిన్న పెట్టె బిగించి పోయాడు. తల్లిదండ్రులందరి ఫోన్లలోకీ యాప్ వచ్చింది. ఫోన్లు ఆగిపోయాయి. మేం మలుపు తిరిగేసరికి తల్లులు పిల్లల్ని తీసుకుని రోడ్డు మీద సిద్ధంగా ఉండేవాళ్ళు. ఒక రోజు ఒకావిడ తన ఫోన్ నాకు చూపించింది. రాత్రిపూట బండి ఎక్కడుంటుందో కూడా ఇందులో కనిపిస్తుందట. పైనుంచి తీసిన బొమ్మలో మా రేకుల ఇల్లు, పక్కన దొడ్డి, ముందు పసుపు బండి. "ఇది మీ ఇల్లే కదా ఆయమ్మా?" అంది నవ్వుతూ. నేనూ నవ్వాను. కానీ నేను స్నానం చేస్తుంటే ఎవరో తడిక కాస్త పక్కకు జరిపినట్టు అనిపించింది.

ఆ తర్వాత చిన్నచిన్న ప్రశ్నలు మొదలయ్యాయి. సాయంత్రం దారిలో జామకాయల ముసలమ్మ దగ్గర బండి ఆపి పిల్లలకు తలా ఒక కాయ ఇప్పించడం ఆయనకు అలవాటు. అక్కడ బండి ఎందుకాగిందని ఎవరో బడిలో అడిగారు. ఆపడం మానేశాడు. మా తమ్ముడి బిడ్డకు చెవులు కుట్టిస్తుంటే, కరస్పాండెంట్ సారు పర్మిషన్ తీసుకునే ఆదివారం వ్యాన్‌లో గిద్దలూరు పోయి వచ్చాం. సోమవారం ఇద్దరు తండ్రులు అడిగారు, మా పిల్లల బండి గిద్దలూరులో ఎందుకుందని. ఆయన సమాధానం చెప్పాడు గానీ, మళ్ళీ ఎప్పుడూ సొంత పనికి ఆ బండి తీయలేదు.

ఆ ఏడాది చలికాలంలో ఆయనకు దగ్గు పట్టుకుంది. గని దుమ్ము పాతది ఎప్పుడో లోపల పేరుకుంది, అదే అనుకున్నాం. చొక్కాలు వదులయ్యాయి. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడేది. చివరికి నేనే పోరుపెట్టి మార్కాపురం సర్కారు ఆసుపత్రికి తీసుకుపోయాను. కళ్ళె పరీక్ష చేసి టీబీ అన్నారు.

డాక్టరమ్మ మంచిది. ఇప్పుడిది తగ్గిపోయే జబ్బే, మందు మాత్రం ఒక్క రోజు కూడా మానొద్దు అని పదేపదే చెప్పింది. తను సరే అనేదాకా పిల్లల దగ్గరికి పోవద్దంది. నాకూ, ఇంటర్ చదువుతున్న మా కూతురికీ పరీక్షలు చేయించింది. మాకేమీ లేదు.

ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఆయన ఒకటే మాట అన్నాడు.

"ఎవరికీ చెప్పొద్దు మే. మీ అమ్మకు కూడా."

ఎందుకని నేను అడగలేదు. వాళ్ళ నాయనకు ఇదే జబ్బు వస్తే ఊరి బయట చేలో కొట్టం వేసి అందులో ఉంచారు. అన్నం గిన్నె తీసుకుపోయి దూరంగా పెట్టి వచ్చే పని ఈయనది, అప్పటికి పసివాడు. ఆ నాయన దగ్గరికి రమ్మని ఒక్కసారి కూడా పిలవలేదట. ఈ సంగతి మా పెళ్ళయిన చాలా ఏళ్ళకు గానీ నాకు చెప్పలేదు.

బడిలో పచ్చకామెర్లని చెప్పి సెలవు పెట్టాడు. కామెర్లంటే ఎవరూ ఏమీ అనుకోరు. ఒక పిల్లాడి తాత పసరు మందు కూడా పంపించాడు. డాక్టరమ్మ మళ్ళీ పరీక్ష చేసి, ఇంక ఎవరికీ అంటదు, పనికి పోవచ్చు అన్నాక బండెక్కాడు. మందులు మాత్రం ఇంకా చాలా నెలలు మింగాలి. మా ఊళ్ళో ఆశా కార్యకర్త చేత ఇంటికే పంపిస్తామంటే వద్దన్నాడు. ఆమె మా గడప తొక్కితే ఊరంతా తెలుస్తుందని. వారానికోసారి పిల్లల్ని బడిలో దింపాక, ఖాళీ బండిలో మేమిద్దరం ఆసుపత్రి వెనక వైపు పోయేవాళ్ళం. ఆ మందులిచ్చే గది పాత కట్టడంలో విడిగా ఉంటుంది. గోడ వారన బండి ఆపి, ఆయన లోపలికి పోయి, చిన్న పొట్లం జేబులో పెట్టుకుని వచ్చేవాడు.

బండి అక్కడ ఆగిన సంగతి ఇందరికి తెలుస్తుందని మాకు తట్టలేదు. పిల్లలు లేని బండిని ఎవరు చూస్తారు అనుకున్నాం.

చూసింది ఒక తల్లి. ఆమె కొడుకు పుట్టినప్పటినుంచీ నలతగా ఉండేవాడు. వాణ్ణి బడికి పంపాక ఆమెకు ఇంట్లో కాలు నిలిచేది కాదు, సాయంత్రం దాకా ఫోన్ చూసుకుంటూనే ఉండేది. ఒక పొద్దున పిల్లాణ్ణి ఎక్కిస్తూ, "ఆయమ్మా, మంగళవారం మంగళవారం వ్యాన్ ఆసుపత్రి వెనక ఆగుతాది, ఎవరికన్నా బాగలేదా?" అని అడిగింది. మా చుట్టాలావిడ ఉందన్నాను. ఆమె అయ్యో అంది.

తర్వాత ఏం జరిగిందో ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఆమె ఆ మాట తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఊరికే అడిగిందట. ఇంకెవరో మ్యాప్ ఫోటో తీసి అందులో పెట్టారు. ఆసుపత్రి ఎదురుగా దుకాణం ఉన్న ఒక తండ్రి దాన్ని చూసి, ఆ గోడ వెనక ఉండేది టీబీ మందుల గది అని చెప్పాడు. కామెర్లని పెట్టిన సెలవు, తగ్గిన ఒళ్ళు, దగ్గు అన్నీ ఒకదాని పక్కన ఒకటి చేరాయి.

మర్నాడు మొదటి స్టాపులో పిల్లలు రాలేదు. రెండో స్టాపులో ఒక్కడే ఎక్కాడు, వాడి అమ్మకు ఫోన్ లేదు. ఆయన ప్రతి స్టాపులోనూ బండి ఆపి, కాసేపు చూసి, మళ్ళీ కదిలించాడు. ఆ ఒక్క పిల్లాడితో బడికి చేరాం.

కరస్పాండెంట్ సారు మమ్మల్ని కూర్చోమన్నాడు. కోప్పడలేదు. డాక్టరమ్మకు ఫోన్ చేసి మాట్లాడాడు కూడా. ఎవరికీ అంటదని ఆమె చెప్పిందట. నేను నమ్ముతాను, వాళ్ళందరినీ ఎట్లా నమ్మించను అన్నాడు. మా ఆయన తాళం చెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఒక్క మాట సార్. నేను మీకు చెప్పలేదు. డాక్టరమ్మ చెప్పలేదు. నా పెళ్ళాం చెప్పలేదు. నా ఒంట్లో సంగతి బండి చెప్పిందా?"

సారు ఆ తాళం చెవిని మెల్లగా తన వైపు జరుపుకున్నాడు.

"పిల్లల కోసమని పెట్టినాము. ఇట్లయితాదని అనుకోలేదు నాయనా" అన్నాడు.

నన్ను పనిలో ఉండమన్నారు, కొత్త డ్రైవర్‌తో. వెళ్ళాను. నేను రోజూ ఎత్తి బండెక్కించే చిన్నపిల్ల ఒకతె అలవాటుగా నా వైపు చేతులు చాచింది. నేను వంగేలోపే వాళ్ళమ్మ గబుక్కున ఎత్తి తనే లోపల కూర్చోబెట్టింది. ఆమె నా మొహం చూడలేకపోయింది. ఆ సాయంత్రమే మానుకున్నాను.

ఊళ్ళో సంగతి చెప్పేదేముంది. టీకొట్టు దగ్గర అందరికీ గాజు గ్లాసులో ఇచ్చి ఆయనకు కాగితం కప్పులో ఇచ్చారు. టీకొట్టుకు పోవడం మానేశాడు.

కొన్నాళ్ళకు పలకల రాయి లోడు లారీ దొరికింది. మార్కాపురం నుంచి పొదిలి మీదుగా చెన్నై దాకా పోవాలి. ఆ ఓనరుకు మా కథ తెలియదు. లారీకీ జీపీఎస్ ఉంది. బండి ఎక్కడ కాస్త ఎక్కువసేపు ఆగినా ఓనరు ఫోన్ చేసేవాడు. దాబా దగ్గర, టైరు చూసుకోవడానికి, ఒంటేలుకు ఆగినా సరే. ఆసుపత్రి వైపు లారీ తిప్పడమన్న మాటే లేదు. నేనే బస్సెక్కి పోయి మందులు తెచ్చి ఆయన సంచిలో పెట్టేదాన్ని. ఇంటి దగ్గర ఉన్నప్పుడు నా ఎదురుగా మింగేవాడు. దారిలో కూడా మింగుతున్నాననే చెప్పేవాడు.

ఒకసారి ఉతకడానికి సంచి దులిపితే పొట్లాలు అట్లే ఉన్నాయి. ఏడ్చాను, తిట్టాను. ఆయన గోడకానుకుని కూర్చుని మెల్లగా చెప్పాడు.

"అవి మింగితే కడుపులో తిప్పుతాది. లారీ పక్కకు తీయాల. తీస్తే ఫోన్ వస్తాది, ఎందుకు ఆగినావని. ఏమని చెప్పాల? ఆ మాట నా నోటితో చెప్పలేను మే."

అప్పటికే ఒళ్ళు పుంజుకుంది, దగ్గు లేదు. తగ్గిపోయిందిలే అన్నాడు. ఆసుపత్రి నుంచి ఫోన్ చేస్తే ఎత్తేవాడు కాదు. నేను ఎత్తి, ఆయన ఊళ్ళో లేడని చెప్పలేక, డాక్టరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఇంటికి మనిషిని పంపింది. ఆ మనిషి వస్తున్నాడని తెలిసి ఈయన ఒక రోజు ముందే డ్యూటీకి వెళ్ళిపోయాడు.

మరుసటి ఏడాది జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. నంద్యాలలో ఒక లోడు దించి వస్తూ గిద్దలూరు ఘాట్‌లో, అడవి మధ్యలో, దగ్గు ఆగక లారీ పక్కకు తీశాడట. తువ్వాలులో నెత్తురు పడింది. ఫోన్ మోగింది. టైరు పంక్చరని చెప్పి, నోరు కడుక్కుని, బండి కదిలించాడు. ఇంటికి వచ్చాక చెప్పాడు నాకు.

ఈసారి ఒంగోలు తీసుకుపోయాం. మధ్యలో మానేయడం వల్ల పాత మందులు ఇంక పనిచేయవన్నారు. కొత్త మందులు మొదలుపెట్టారు. అవి ఆయన్ని పీల్చి పిప్పి చేసినంత పని చేశాయి. చెవుల్లో హోరు, కాళ్ళలో మంటలు. ఈసారి ఒక్క పూట కూడా మానలేదు. కూతురి పెళ్ళి చూడాలనో, ఇల్లు కట్టాలనో అనేవాడు కాదు. ఇంకొకసారి బండి తోలాలే అనేవాడు.

ఆ మందులకూ తగ్గక ఆయన మంచం పట్టాక, ఫోన్ చూసుకునే ఆ తల్లి మా ఇంటికి వచ్చింది. మూతికి గుడ్డ కట్టుకుని గడప దగ్గర నిలబడి, లోపలికి రావాలో వద్దో తెలియక ఏడుస్తోంది.

"అన్నా, నా కొడుకు యాడున్నాడో చూసుకున్నా. అంతే అన్నా. నిన్ను చూస్తాండానని నాకు తెలీదు."

ఆయన లేచి కూర్చోవడానికి ప్రయత్నించాడు.

"నీ బిడ్డను నువ్వు చూసుకున్నావు తల్లీ. దాంట్లో తప్పేముంది? నన్ను అడిగుంటే నేనే చెప్పేవాణ్ణి."

చెప్పేవాడు కాదు. అది నాకు తెలుసు. ఆమె మనసు తేలికపడాలని అన్నాడు. పిల్లాడెట్లా ఉన్నాడని అడిగాడు. ఇప్పుడు ఒళ్ళు చేశాడని చెప్పింది. కిటికీ పక్కనే కూర్చోబెట్టమని కొత్త డ్రైవర్‌కు చెప్పమన్నాడు.

ఆ ఎండాకాలంలో, ఒక మధ్యాహ్నం, మజ్జిగ తాగి పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. నేను పక్కనే ఉన్నాను. మా కూతురు పరీక్ష రాసి వచ్చేసరికి అయిపోయింది. దహనానికి కరస్పాండెంట్ సారు వచ్చాడు. లారీ ఓనరు కూడా వచ్చాడు. నాతో ఒక్క మాట అన్నాడు, జబ్బని చెప్పుంటే నేనెందుకు ఫోన్ చేసేవాణ్ణమ్మా అని. నిజమే కావచ్చు. ఎవరిని తప్పుపట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు. అందరూ తమ బండి ఎక్కడుందో చూసుకున్నవాళ్ళే.

ఇప్పుడు నేను పలకల షెడ్డులో పని చేస్తాను. సెలవు దొరికిన రోజు డాక్టరమ్మ పిలిస్తే పోయి, మందు మధ్యలో మానేస్తున్న వాళ్ళతో మాట్లాడి వస్తాను. నేను గొప్పగా చెప్పగలిగేదేమీ లేదు. మా ఇంట్లో జరిగింది చెబుతాను, వాళ్ళు వింటారు.

పోయిన నెల ఒక ఆటో అతను దొరికాడు. పెళ్ళయి ఎంతో కాలం కాలేదు. ఆటో ఫైనాన్సులో తీసుకున్నది, దానికీ ఆ పెట్టె ఉంది. ఆసుపత్రి దగ్గర ఆటో పెడితే ఫైనాన్సువాళ్ళకు తెలుస్తుంది, వాళ్ళలో తన బామ్మర్ది ఒకడున్నాడు. తల వంచుకుని అడిగాడు.

"మందులకు ఎట్ల రావాలక్కా? ఫోన్ కూడా ఇంట్లో పెట్టి రమ్మంటావా?"

"పెట్టే రా తమ్ముడూ. ఆటో బస్టాండు కాడ ఇడిసిపెట్టు. నడిచి రా. ఎట్లన్నా రా, రావడం మాత్రం మానొద్దు."

తర్వాతి వారం నేను ఆసుపత్రి గోడ నీడలో నిలబడి ఎదురుచూశాను. మిట్టమధ్యాహ్నం ఎండలో, నెత్తిన తువ్వాలు కప్పుకుని, అటూ ఇటూ చూసుకుంటూ అతను నడిచి వచ్చాడు.