హాగెనెగ్ కనుమ మీద ఆగత వదిన

లౌవెర్జ్ సరస్సు ఒడ్డున మా ఊళ్లో ఎవరికి జబ్బు చేసినా ముందు డాక్టరుకి, తర్వాత మా ఆగత వదినకి కబురు వెళ్తుంది. ఆవిడ హాగెనెగ్ కనుమ ఎక్కి, అవతల జీల్ సరస్సు వైపు దిగి, ఐన్‌సీడెల్న్ మఠంలో నల్ల మరియమ్మ విగ్రహం ముందు ఆ మనిషి పేరు చెప్పి వస్తుంది. మా వాళ్లకో పట్టింపు ఉంది. ఎవరి కోసమైనా పరాయివాళ్లే నడవాలి. సొంతవాళ్లు నడిస్తే అది స్వార్థం కింద లెక్క, చెల్లదు. కాపురానికొచ్చిన ఏడే వదిన ఈ నడక మొదలుపెట్టింది. పశువులు, ఎండుగడ్డి కోతలు, నలుగురు పిల్లలు, ఏదీ ఆమెని ఆపలేదు.

ఈ వేసవిలో జబ్బు మా ఇంటికే వచ్చింది. మర్నాడు ఆవిడ భర్త, మా అన్న బాల్జ్‌కి గుండె ఆపరేషన్ అనగా, వదినేమో ముందే మాటిచ్చానంటూ పక్కింటి క్సావర్ తుంటి నొప్పి కోసం బయల్దేరింది. నాకు ఒళ్లు మండింది. అయినా ఒంటరిగా పంపలేక తోడు వెళ్లాను.

"అన్న కోసం నడవమని ఊళ్లో ఒక్కరినైనా అడిగావా వదినా?"

"ఎలా అడగనే? ఇన్నేళ్ల నడకకీ బదులు అడిగినట్టుంటుంది."

"అందరికీ నీ కాళ్లు కావాలి. నీకు మాత్రం ఎవరూ అక్కర్లేదు, కదూ?"

"నోరు మూసుకుని ఎక్కు. ఆయాసమొస్తుంది."

నోరు మూసుకుని ఎక్కడం నా వల్ల కాలేదు. "పోనీ, మనసులో అన్న పేరు ఒక్కసారి తల్చుకో. మాతకి తెలుస్తుందా ఏంటి?"

"తెలీదనుకుంటే ఈ కొండెక్కడం దేనికే?"

ఆ మాట అని నా వైపు చూడకుండా ముందుకెక్కింది. నాకు ఊరి మీద పట్టరాని కోపమొచ్చింది.

కనుమ మీద సత్రం ముందు బల్ల దగ్గర క్సావరే కూర్చుని ఉన్నాడు. ముందు బార్లీ సూపు, పక్కన కర్ర.

"ఏంటయ్యా, నీ తుంటి కోసం ఈవిడ కాళ్లరగదీసుకుంటుంటే నువ్విక్కడ సూపు తాగుతున్నావా?" అన్నాను.

"తాగనీ ఫ్రేనీ. దిగడానికి ఓపిక కావాలిగా."

"ఎక్కడికి దిగుతావ్?"

"ఐన్‌సీడెల్న్‌కి. బాల్జ్ కోసం. ఎక్కలేక మావాడి జీపులో వచ్చా. ఇక్కణ్నుంచి నా కాళ్లతోనే."

"పిచ్చా నీకు? ఆ తుంటితోనా?" అంది వదిన.

"సగం దారి నడిచావుగా ఆగతా. ఎంత నయమైందో చూద్దాం."

వదిన నవ్వబోయి ఏడ్చేసింది. ఆవిడ ఏడవగా నేను చూడటం అదే మొదలు.

అతను దిగుతూ మలుపుమలుపుకీ రాళ్ల మీద కూలబడ్డాడు. దారిలో ఎవరికోసమూ ఆగని వదిన ప్రతిసారీ ఆగింది. ఓ చోట అతని కర్ర జారింది. పట్టుకోవడానికి నేను చెయ్యి చాచాను. వదిన నా మణికట్టు పట్టి వెనక్కి లాగి, తనే వెళ్లి అతన్ని పట్టుకుంది.

"నువ్వు ముట్టుకోకే," అంది. "నేను ఇతని తుంటి కోసం వచ్చినదాన్ని, నువ్వు బాల్జ్ చెల్లెలివి. చెల్లకుండా పోతుంది."