లిబూషె గీసిన మెయిలు బొమ్మలు

బ్ర్నో ఊళ్ళో నా బీరు కొట్టుకి ప్రతి గురువారం వచ్చే ఆ కంప్యూటర్ గుంపంటే నాకు ఒళ్ళు మంట. అందరికీ ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్ రాస్తారు, మంచి పనే. కానీ దాన్ని వాడలేక తంటాలు పడేవాళ్ళని మనుషుల్లో లెక్కేయరు. వాళ్ళకి పెద్ద ఓటకర్. మెయిలుకి సోకులు దేనికి, నల్ల తెర మీద తెల్ల అక్షరాలు చాలవా అని గడ్డానికి నురుగు అంటించుకుని ఉపన్యాసాలిస్తాడు.

లిబూషె మా వీధి చివరి బడిలో ఆఫీసు పని చూస్తుంది. మధ్యాహ్నం నా దగ్గరే సూపు తాగుతుంది. బడి కంప్యూటర్లన్నిటిలో ఆ ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టించింది ఆవిడే, హెడ్‌మిస్ట్రెస్‌తో పోట్లాడి మరీ. అన్నీ కుదిరాయి, మెయిలు ఒక్కటే కుదరలేదు. ఆ ఇరుకు తెరలో ఏది ఎక్కడుందో తెలియక టీచర్లు ఒకరికి రాసింది మరొకరికి పంపేవాళ్ళు. ఓ పిల్లాడి జబ్బు సంగతి తరగతిలోని తల్లిదండ్రులందరికీ వెళ్ళిపోయింది. వేసవి సెలవుల్లోగా సరైన మెయిలు రాకపోతే అన్నీ పీకేసి డబ్బు పెట్టి వేరేవి కొంటానని హెడ్‌మిస్ట్రెస్ తేల్చి చెప్పింది.

దాంతో లిబూషె తనే పూనుకుంది. టీచర్ల పక్కన కూర్చుని, వాళ్ళ చెయ్యి ఎక్కడ తడబడుతుందో చూసి, మెయిలు తెర ఎలా ఉంటే బాగుంటుందో చలికాలమంతా బొమ్మలు గీసింది. ఓటకర్ గుంపు తమలో తాము మాట్లాడుకునేది, ఒకరు రాస్తే అందరికీ చేరే మెయిళ్ళలోనే. ఆ చర్చకి రాసిన మెయిలుకి బొమ్మలు జతచేసి, కింద చూడండి అని రాసి పంపింది. వచ్చినవన్నీ ఎత్తిపొడుపులే. కబుర్లు చాలు, పని చూపించమన్నారు. మళ్ళీ పంపింది. మళ్ళీ అదే జవాబు.

"చూసి కూడా చూపించమంటున్నారండీ. కావాలనే ఏడిపిస్తున్నారు," అని నా దగ్గర కళ్ళు తుడుచుకుంది.

గురువారం వీళ్ళేమో, ఆవిడ కింద చూడమంటుంది, కింద ఏమీ ఉండదు అని పడీ పడీ నవ్వేవాళ్ళు. తాగినవాళ్ళ వెటకారం అనుకున్నాను నేను.

జూన్‌లో ఓ గురువారం సాయంత్రం ఆవిడే ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వాళ్ళ బల్ల దగ్గరికి వచ్చింది. ఓటకర్ గ్లాసు పక్కకి నెట్టి, తెర అతని ముక్కు ముందు పెట్టింది. అతను ఒక్కో బొమ్మా చూశాడు.

"ఇవెప్పుడు గీశారండీ?"

"జనవరి నుంచీ పంపుతూనే ఉన్నాను కదా."

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆ చర్చలో ఉత్త అక్షరాలే ఉండాలని ఏళ్ళ కిందట నియమం పెట్టింది ఓటకరే. బొమ్మ వస్తే చెప్పాపెట్టకుండా తీసేసి, మాటలు మాత్రం అందరికీ పంపే ఏర్పాటు చేసిందీ అతనే. చేసి మరిచిపోయాడు. అంతమంది మేధావుల్లో ఒక్కడూ, అమ్మా, మాకేమీ అందలేదు అని రాసిన పాపాన పోలేదు. నవ్వడానికి మాత్రం తీరిక దొరికింది.

"బాగున్నాయండీ," అన్నాడు ఓటకర్ గొంతు తగ్గించి. "రేపే మొదలుపెడదాం. సెప్టెంబరుకల్లా అయిపోతుంది."

"బడివాళ్ళు వేరేవి కొనడానికి ఇవాళ పొద్దున్న సంతకం చేసేశారు. రేపట్నుంచి మీవన్నీ పీకించే పని నాకే అప్పజెప్పారు."

అతను తల దించుకున్నాడు. అయినా ఆ బొమ్మలు తమకి ఇచ్చి వెళ్ళమని అడిగాడు. అడగడానికి నోరెలా వచ్చిందో. నేనైతే ఆ ల్యాప్‌టాప్‌తోనే నెత్తి మీద ఒకటిచ్చేవాణ్ణి.

లిబూషె వాళ్ళ పక్కనే కూర్చుని, ఒక్కటి కూడా దాచుకోకుండా అన్నీ ఇచ్చేసింది.