గడప ముందరి చెప్పుల లెక్క

మా పొరుగింటి సర్వేయరుగారు మొన్న గురువారం వేకువన కన్నుమూశారు. కబురు తెచ్చిన ఆయన కోడలు మా గేటు దగ్గరే నిలబడి, "మామయ్య పోయిండ్రు పంతులుగారూ. మీ గోడ ముందటి ఖాళీ జాగా ఎన్ని గజాలుంటదని నిన్న గూడ అడిగిండ్రు" అన్నది.

శ్రీనగర్ కాలనీలో నలభై ఏళ్లు మా రెండిళ్ల మధ్య ఉన్నది ఒక్క గోడే. ఉదయం నేలపై పాదం మోపే ముందు భూదేవిని క్షమించమని వేడుకోవడం నాకు చిన్ననాటి నుంచీ అలవాటు. "మంచిదే. కానీ ఆ తల్లిని మనం ఎంత వాడుకుంటున్నం, ఎంత పాడు పెడుతున్నం? ఎవరన్న కొలిచిండ్రా?" అని ఆయన అడిగేవారు. తెలుగు పద్యాలు చెప్పడం నా ఉద్యోగం. కొలవడం ఆయన ఉద్యోగం. ఇంత పెద్ద నగరం తన నేలను సరిగా వాడుకుంటున్నదా అన్న ప్రశ్న మాత్రం ఆయన సొంతం.

ఒకసారి జూబ్లీ హిల్స్‌లో ఒక బంగళా ముందు టేపు కొస నా చేతికిచ్చి, "గట్టిగ పట్టుకోండ్రి. పద్యంల తప్పు వోతే దిద్దుకుంటరు. ఈడ తప్పు వోతే గోడ కూలుతది" అని నవ్వారు. ఆ ఇంట్లో మనుషులు నలుగురు, కార్లు ఆరు.

ఎనభైల చివర కృష్ణానగర్‌లో ఒక సందును కొలిచే పని ఆయనకు అప్పగించారు. ఖాళీ గదులు ఎక్కువగా తేలితే సందును తీసేసి రోడ్డు వెడల్పు చేయాలని ఆఫీసు ఆలోచన. ఆయన పట్టపగలు వెళ్లి, తాళం కనబడిన ప్రతి గదినీ ఖాళీ అని రాసుకొచ్చారు. పటాన్ని మా అరుగు మీద పరిచినప్పుడు, అందులో గుర్తుపెట్టిన బండ్లు చూసి నేను ఊరకే అడిగాను: "ఖాళీ సందుకు మూడు టిఫిను బండ్లు ఎందుకండీ?"

ఆయన పటం చుట్టేశారు. పటం ఇవ్వవలసింది మర్నాడే. ఆ ఉదయం సూర్యుడు పొడవక ముందే నన్ను వెంటబెట్టుకుని ఆ సందుకు వెళ్లారు. ప్రతి గడప ముందూ చెప్పులే. షూటింగు బస్సు కోసం బయలుదేరిన ఒక డాన్సరు అమ్మాయిని గదిలో ఎందరుంటారని అడిగాము.

"ఐదుగురమండీ. నేను లేచిన చాప మీద, ఇప్పుడే పని నుంచి వచ్చిన అక్క పడుకుంటుంది. ఆమె నిద్ర చెడకుండా బయట తాళం వేసి పోతామండీ. మా చాప చల్లారదండీ."

సర్వేయరుగారు పెన్సిలు జేబులో పెట్టుకున్నారు. "పంతులుగారూ, నేను తాళాలు కొలిచిన. మనుషుల్ని కొలువలే."

కొత్త పటానికి గడువు కోరారు. పని తెలియనివాడని ఆఫీసులో మాట పడ్డారు, రావలసిన పదోన్నతి ఆగింది. సందు నిలిచింది. ఆనాటి నుంచి ఏ వీధికి వెళ్లినా వేకువన ఒకసారి, పగలు ఒకసారి గడపల ముందు చెప్పులు లెక్కించేవారు. గజానికి ఎన్ని జతలన్నదే ఆయన కొలమానం. అందులోని లోపాన్నీ ఆయనే పట్టుకున్నారు: "బంగళాల్ల ఒక్కొక్కరికి అల్మారెడు చెప్పులుంటయి. గాడ నా లెక్క నడువది."

గురువారం మధ్యాహ్నం కడసారి చూడడానికి వెళ్లాను. కృష్ణానగర్ సందు నాకంటే ముందే వచ్చింది. చెప్పులు వరండా నిండి, మెట్లు దిగి, గేటు దాటి, మా గోడ ముందరి ఖాళీ జాగా అంతటా పరచుకున్నాయి. నావి విడవడానికి జానెడు చోటు దొరకలేదు. వాటిని చేత పట్టుకుని, వట్టి పాదాలతో లోపలికి నడిచాను.