రేగులపాడు మంచినీళ్లు

రమణమ్మకు రాళ్లంటే గిట్టదు. అన్ని రాళ్లూ కాదు. రోలు, తిరగలి, బట్టలుతికే బండ అంటే ఆమెకు గౌరవమే, అవి పని చేస్తాయి గనుక. ఊరికే చూడటానికి మాత్రమే పనికొచ్చే రాళ్లంటేనే ఒళ్లు మంట. డ్యాం కట్టాక కృష్ణ మధ్యలో మిగిలిపోయిన కొండ మీద అలాంటి రాళ్లను పేర్చి మ్యూజియం పెట్టారు. వాటిని చూడటానికి జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చి లాంచీలెక్కుతారు. మాచర్ల చుట్టుపక్కల ఊళ్లలో ఒక్కసారైనా వెళ్లిరానివాళ్లు లేరు. డెబ్భై అయిదేళ్లు వచ్చినా రమణమ్మ మాత్రం అటు తొంగి చూడలేదు.

"ముక్కుల్లేని బొమ్మల్ని చూట్టానికి టిక్కెట్టు గూడానా? మా బజార్లో ముక్కులున్న మొహాలే చూళ్లేక చస్తన్నా" అనేది.

ఆమె పుట్టిన రేగులపాడు ఇప్పుడు ఆ నీళ్ల అడుగున ఉంది. ఊరు ఖాళీ చేసేనాటికి ఆమెకు ఎనిమిదేళ్లుంటాయేమో. బండిమీద మంచం, మంచం మీద గంపకింద కోళ్లు, ఆ గంప పట్టుకుని తను. అంతదూరం తెచ్చి పడేసిన చోటికి కొత్త రేగులపాడు అని పేరు పెట్టారు. పెట్టినవాడు చచ్చిపోయాడు, వాడి కొడుకూ ముసలివాడయ్యాడు, ఊరు ఇంకా కొత్తదే. ఇచ్చిన భూమిలో గడ్డపార దిగితే నిప్పులు రాలేవి. ఆ నేలలోనే రమణమ్మ పెరిగింది, పెళ్లాడింది, మొగుణ్ణి పోగొట్టుకుంది, మిరపకాయ కోతకు ఆడవాళ్ల ముఠా కట్టి మేస్త్రి అయింది, కూతురు నిర్మలను పెంచి పెళ్లిచేసింది. ముఠాలో ఆమె నోటికి జడిసి ఎవరూ కబుర్లాడేవాళ్లు కాదు. నడుం ఈమధ్యనే కాస్త వంగింది. నోరు వంగలేదు.

ఆ నోరే ఆమెను ఇరికించింది.

ఈ ఏడాది ఊళ్లో కొత్త బొడ్రాయి ప్రతిష్ఠ చేద్దామనుకున్నారు. ఊరి నడిబొడ్డున పాతి, ఊరిని కాచే దేవతగా కొలిచే రాయి అది. ఒకసారి పాతితే పెకలించకూడదు, అందుకే పాతది పాత ఊళ్లోనే మునిగిపోయింది. కొత్త ఊళ్లో ఆనాడు హడావుడిగా వేసిన రెండో రాయి సిమెంటు రోడ్డు కింద కప్పబడిపోయింది. పంతులు వచ్చి, పాత బొడ్రాయి మునిగిన చోటు నుంచి చెంబెడు నీళ్లు తెచ్చి కొత్తదాన్ని కడగాలన్నాడు. అదీ పాత ఊళ్లో పుట్టినవాళ్ల చేత్తోనే తోడించాలన్నాడు. ప్రతిష్ఠ కమిటీ పెద్ద బాలకోటయ్య తిన్నగా రమణమ్మ గడపలోకి వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, ఆ ఊరెరిగినోళ్లల్లో నువ్వొక్కదానివే మిగిలావు. ఊరు యాడుందో కళ్లు మూసుకుని చూపిస్తానని ఎప్పుడూ అంటావు గదా. నీళ్లు నువ్వే తేవాల."

అంటుంది, నిజమే. ప్రతి పెళ్లిలో, ప్రతి చావు దినంలో అంటూనే వచ్చింది. తండ్రి పుట్టిన చోటు తెలియని సన్నాసులని ఊళ్లో మగవాళ్లందరినీ, బాలకోటయ్యతో సహా, తిట్టిపోస్తూనే వచ్చింది. "తేకేం, తెస్తా" అంది. ఆయన అటు వెళ్లగానే గుమ్మంలో కూర్చుని తలలోనే ఊరంతా తిరిగింది. ఊరు గుర్తుంది. బొడ్రాయి గుర్తుంది, ఎదురుగా కొలిమి, పక్కన వేపచెట్టు కింద అరుగు. అది ఆ నీళ్లలో ఎక్కడో మాత్రం గుర్తులేదు. నోరు తెరిచి ఆ మాట ఒప్పుకుంటే, ఇన్నేళ్లు ఆమె చేత తిట్లు తిన్న ఊరంతా పండగ చేసుకుంటుంది. అంతకంటే పెద్ద భయం, తనకూ తెలియకపోతే ఇక ఆ ఊరు ఎక్కడుందో తెలిసినవాళ్లు ఈ భూమ్మీద లేనట్టే.

ఆ ఆదివారమే మనవరాలు కీర్తిని వెంటబెట్టుకుని లాంచీ రేవుకు పోయింది. కొంగున పసుపు కుంకుమ పొట్లం, సంచిలో ఇత్తడి చెంబు, చేంతాడు ముక్క. కీర్తి ఊరి సచివాలయంలో ఉద్యోగం చేస్తుంది, ఫోన్లోంచి తలెత్తదు.

లాంచీ నిండా జనం. ఎక్కిన క్షణం నుంచీ నదికి వీపు పెట్టి తమ మొహాలను తామే ఫొటోలు తీసుకుంటున్నారు. ఎవడో స్పీకరు పెట్టి పాట మోగిస్తున్నాడు. ఒకావిడ చిప్సు తిని కవరు నీళ్లలోకి వదిలింది.

"ఏమ్మా, మీ ఇంట్లో గూడా ఇట్టాగే పారేస్తావా?" అంది రమణమ్మ.

"గాలికి పోయిందండీ" అంది ఆవిడ.

"గాలికి పోయిందంట. మా నట్టింట్లో పడింది" అని రమణమ్మ మొహం తిప్పుకుంది. ఆవిడకు అర్థం కాలేదు. అర్థమవుతుందని రమణమ్మ అనుకోనూ లేదు.

లాంచీ నడిపే జానీ ముప్పయ్యేళ్లవాడు, మాచర్ల వాడే. ఆమె సంగతి చెప్పి ఆపమని అడిగితే ఇబ్బందిగా నవ్వాడు. "నడి ఏట్లో ఆపకూడదు పెద్దమ్మా, రూలొప్పుకోదు. ఎక్కడో చెప్పు, కాస్త నిదానం చేస్తా. యాడుంది మీ ఊరు?"

రమణమ్మ చుట్టూ చూసింది. అన్ని వైపులా నీళ్లే. ఒడ్డున పొట్టిపొట్టి గుట్టలు. వాటిలో ఒక్కటీ తను ఎరిగినది కాదు. "వచ్చేటప్పుడు చెప్తాలే" అంది. జీవితంలో అంత చిన్న గొంతుతో ఆమె ఎన్నడూ మాట్లాడలేదు.

కొండెక్కాక మళ్లీ గొంతు లేచింది. మ్యూజియంలో చల్లగా ఉంది. రాళ్లకు లైట్లు వేశారు, పక్కన ఫ్యాన్లు, చుట్టూ తాళ్లు. గైడు పాతికమందిని పోగేసి, లోయలో తవ్విన రాళ్లన్నిటికీ నంబర్లు వేసి, ఒక్కటి పగలకుండా ఇంత ఎత్తుకు ఎలా చేర్చారో గర్వంగా చెబుతున్నాడు.

"ఎవురు మోశారో గూడా చెప్పు నాయనా" అంది రమణమ్మ వెనక నుంచి. "మా నాయన మోశాడు. భుజాన కట్టిన కాయ ఆయన పోయేదాకా వదల్లా."

జనం ఆమెకేసి తిరిగి, నవ్వి, మళ్లీ రాయికేసి తిరిగారు. ఒకడు ఆమెతో సెల్ఫీ దిగబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

వాళ్ల నాన్న చెప్పిన మాట ఆమెకు బాగా గుర్తుంది. తవ్వకాల్లో కూలికి పోయిన ఆయన, ఒకరోజు ధైర్యం చేసి అక్కడి దొరను అడిగాడట, ఇన్ని రాళ్లు కొండెక్కిస్తున్నారు గదా, మా బొడ్రాయిని కూడా ఎక్కించమని. మేం పెకలించకూడదు గానీ సర్కారు పెకలిస్తే దోషం లేదేమో అన్నాడట. ఎన్నేళ్లనాటిదని దొర అడిగాడు. మా ముత్తాత పాతించాడండీ అన్నాడు ఈయన. అయితే అది పాతది కాదు పోవయ్యా అని దొర నవ్వాడట. పదిహేను వందల ఏళ్లుగా ఎవరూ దణ్ణం పెట్టని రాళ్లు కొండెక్కాయి. ఊరు ఖాళీ చేసిన ఉదయం కూడా తన తల్లి బిందెడు నీళ్లు పోసి, పసుపు పూసి, ఏడ్చి వచ్చిన రాయి అడుగున ఉండిపోయింది. ఇంతకంటే తెలివితక్కువ లెక్క రమణమ్మ మిరప కళ్లాల్లో కూడా చూడలేదు.

చివరి గదిలో పెద్ద బల్లమీద, గాజుపలక కింద, మునగక ముందటి లోయ నమూనా ఉంది. పచ్చరంగు పొలాలు, నీలం గీతగా కృష్ణ, మధ్యలో ఈ కొండ, తెల్లటి చిన్న చిన్న కట్టడాలు, ఒక్కోదానికీ పేరు. రమణమ్మ ఆ చివర నుంచి ఈ చివరిదాకా రెండుసార్లు తిరిగింది.

"రేగులపాడేదీ?"

"ఊళ్లుండవమ్మా ఇందులో" అన్నాడు గైడు. "చారిత్రకమైనవే పెట్టారు."

"మరి మేం ఏంది?"

గైడు వాచీ చూసుకున్నాడు. గుంపును తీసుకుని బయటికి నడిచాడు. రమణమ్మ కదల్లేదు. గాజుమీదికి వంగి, కళ్లు చికిలించి చూస్తోంది. కొండకు తూర్పున రెండు వరసల్లో పుల్లల్లాగా స్తంభాలు నిలబెట్టి ఉన్నాయి. ఏదో మండపమట.

"ఏమే కీర్తీ, ఇది మా మేకల దొడ్డే!"

అవును, ఆ స్తంభాలకే మేకలను కట్టేవాళ్లు. తవ్వేవాళ్లొచ్చి మేకలను తోలేసేదాకా ఆమె ఆడుకున్నదంతా వాటి మధ్యనే. ఆ దొడ్డి దాటితే కొలిమి, కొలిమి ఎదురుగా బొడ్రాయి. బొడ్రాయి దగ్గర నిలబడితే నది అవతల రెండు తలకాయల గుట్ట, ఆ తలకాయల సందులో పొద్దు కుంకేది. నమూనాలో ఆ గుట్ట ఎత్తుగా, నిండుగా నిలబడి ఉంది. పొద్దున లాంచీలోంచి అదే గుట్టను చూసింది, పోల్చుకోలేకపోయింది. మనిషి మెడదాకా నీళ్లలో దిగి నిలబడితే వాడెంత పొడుగువాడో ఎవరు చెప్పగలరు?

రమణమ్మకు దుఃఖం వచ్చింది. కోపం కూడా వచ్చింది, ఈ పాడు రాళ్లను అడిగి తన ఊరి దారి తెలుసుకోవలసి వచ్చినందుకు. కొంగు ముడి విప్పి, వేలితో కుంకుమ తీసి, స్తంభాల పక్కన పచ్చటి ఖాళీ మీద, గాజుకు బొట్టు పెట్టింది. కీర్తి చటుక్కున ఫోన్ ఎత్తి ఫొటో తీసింది. ఆ రోజు ఆ పిల్ల తన మొహం లేకుండా తీసిన మొదటి ఫొటో అదే.

కాపలావాడు పరిగెత్తుకొచ్చాడు. "ఏందమ్మా ఇది? ముట్టుకోకూడదని బోర్డు కనపళ్లేదా?"

"తుడుచుకో నాయనా. ఊరు ఊరునే ముంచారు, బొట్టు తుడవటం ఒక లెక్కా మీకు?"

వాడు తుడిచాడు. ఎర్రటి మరక కాస్త పక్కకు సాగింది గానీ పూర్తిగా పోలేదు. ఆ మరకను తృప్తిగా చూసి రమణమ్మ బయటికి నడిచింది.

తిరుగు లాంచీలో ఆమె జానీ పక్కనే నిలబడింది. కీర్తి నమూనా ఫొటోను ఎదురుగా పట్టుకుని అందులోని గుట్టను చూపించింది. పొద్దు పడమటికి వాలుతోంది. రెండు తలకాయల గుట్ట మెల్లగా పక్కకు జరుగుతూ వచ్చి, సూర్యుడు తిన్నగా సందు మీదికి రాగానే రమణమ్మ అరిచింది.

"ఇదే! ఆపు నాయనా, ఇదే మా ఊరు!"

జానీ ఆపలేదు, ఆపినంత పని చేశాడు. ఇంజను గురగుర తగ్గింది. రమణమ్మ చెంబు మెడకు చేంతాడు బిగించి, గుప్పెడు పసుపు నీళ్లలో వదిలి, కమ్మీ మీదుగా చెంబును జారవిడిచింది. బావిలో తోడినట్టే రెండుసార్లు ఆడించి ముంచింది. కీర్తి పట్టుకోబోతే మోచేత్తో నెట్టేసింది. చెంబు నిండుగా పైకి వచ్చింది. దాని మూతికి కొంగు కప్పి గుండెలకు ఆనించుకుంది. ఎనభై ఏళ్లకు దగ్గరపడిన ఆ మనిషి అప్పుడు ఎనిమిదేళ్ల పిల్లలాగా వెక్కి వెక్కి ఏడ్చింది.

జనం స్పీకరు ఆపి చూస్తున్నారు. మ్యూజియంలో సెల్ఫీ దిగబోయిన కుర్రాడు ఫోన్ పట్టుకుని ముందుకు తోసుకొచ్చాడు.

"ఏం చేస్తున్నారు అవ్వా?"

"మా ఊళ్లో మంచినీళ్లు తోడుకుంటన్నా."

"సూపర్ అవ్వా! ఇంకొక్కసారి ముంచవా? వీడియో రికార్డు కాలేదు."

రమణమ్మ కళ్లు తుడుచుకుని వాణ్ణి కింది నుంచి పైదాకా చూసింది.

"మా ఊరు ఒక్కసారే మునిగింది నాయనా. నువ్వు ఆలీసంగా వచ్చావు."