రెండో ఇంటి తాళంచెవి

"పాస్‌వర్డ్ ఎవలకన్న జెప్పినవా అత్తమ్మా?"

"ఎవ్వలకు జెప్పలే."

"మరి నలభై బొంతల ఫొటోలు యాడికి పోయినయ్?"

"నీ యంత్రాన్నే అడుగు. రాత్రిపగలు దీపమార్పకుండ పనిజేపిస్తుంటివి. ఆకలైతే తినేసిందేమో."

"అది తినదు అత్తమ్మా. తినేదైతే నువ్వు ఇంట్లకే రానియ్యకపోదువు."

ఈ జగడం జరిగింది మహారాష్ట్రలోని మాజ్రి బొగ్గు గని కాలనీలో, మా క్వార్టర్ వంటింట్లో. అడుగుతున్నది నా కోడలు రూతు. అబద్ధమాడుతున్నది నేను. చర్చిలో ముందు వరుసలో కూర్చుని, వెనక గుసగుసలాడే పిల్లలను కళ్ళతోనే భయపెట్టే దాన్ని. నేను చెప్పబోయేది ఒక సర్వనాశనం కథ. నాశనం చేసింది వరద కాదు, అగ్గి కాదు, మూడో తరగతిలో బడి మానేసిన ఒక ముసలమ్మ. నవ్వాలనిపిస్తే నవ్వండి, నాకు మాత్రం ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

రూతు పాత చీరలతో బొంతలు కుడుతుంది. చనిపోయిన తల్లి చీరలు గానీ, నాయనమ్మ చీరలు గానీ ఎవరన్నా తెచ్చి ఇస్తే, వాటిని ముక్కలుగా కోసి, పువ్వులు పరిచినట్టు అమర్చి కుట్టి ఇస్తుంది. చీరలు ఎవరివో బొంత వాళ్ళింటికే పోతుంది గనుక మా ఇంట్లో మిగిలేవి ఫొటోలే. ఆ ఫొటోలు లోకానికి చూపించడానికి ఒక వెబ్‌సైట్ పెట్టింది.

పెట్టేముందు నాకు అర్థమయ్యేదాకా చెప్పింది. నేను జొన్నరొట్టెలు కొడుతూ నాలుగుసార్లు చెప్పించుకున్నాను. డొమైన్ అంటే ఇంటిమీద రాసుకునే పేరట. ఆ పేరుతో వెతికితేనే జనం మన గుమ్మానికి వస్తారు. ఏడాదికోసారి అది మనదేనని మళ్ళీ రాయించుకోవాలి, లేకపోతే ఇంకెవరో పట్టుకుపోతారు. హోస్టింగ్ అంటే ఆ ఇల్లు. కిరాయికి తీసుకోవాలి, ఫొటోలన్నీ అందులో సర్దుకోవాలి. సర్వర్ అంటే అలాంటి ఇళ్ళు వేలకొద్దీ ఉండే పెద్ద యంత్రం, అది ఎక్కడో ఊళ్ళో నిద్రపోకుండా పనిచేస్తుంటుంది.

"రాత్రి చూసెటోళ్ళు ఉండరు గద, బంద్ జేస్తే కరెంటు మిగలదా?" అని అడిగాను.

ఎక్కడో ఒక దేశంలో ఎప్పుడూ పగలే ఉంటుందని రూతు చెప్పింది. ఆ దేశపు వాళ్ళ దుబారా మీద నాకు ఆరోజే కోపం వచ్చింది.

ఇక పాస్‌వర్డ్. అది ఆ ఇంటి తాళంచెవి. రూతు దాన్ని ఒక చీటీ మీద రాసి, నా చేతిలో పెట్టి, తాను మరిచిపోతే చెప్పమంది. "నీ కంటె భద్రంగ దాచెటోళ్ళు ఈ కాలనీలనే లేరు. ఎవ్వలకు చెప్పకు" అంది. ఆ మాటకు నేను పండగ పూట కోడిపుంజులా మెడ నిక్కించుకుని తిరిగాను.

తాళంచెవుల సంగతిలో మా కాలనీకి ఒక ఆచారం ఉంది. మా మీద రోజంతా బొగ్గు ధూళి రాలుతుంటుంది. మూడు రోజులు ఇల్లు మూస్తే, తిరిగి వచ్చేసరికి మంచం మీద వేలితో పేరు రాసుకోవచ్చు. అందుకని ఊరికి పోయేవాళ్ళు తాళంచెవి గోడ పక్కవాళ్ళకు ఇచ్చి పోతారు. వాళ్ళు రోజూ వచ్చి ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, పాడైనది ఏమన్నా ఉంటే పారేసి వెళ్తారు. తాళంచెవి ఇవ్వకుండా పోతే పక్కింటివాళ్ళను దొంగ అన్నట్టే లెక్క.

మా గోడ పక్కన వందన ఉంటుంది. మరాఠీవాళ్ళు. గని ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని రిటైరైంది. ముప్ఫై ఏళ్ళుగా మా గోడను ఆనుకుని ఉండడంవల్ల తెలుగులో తిట్టడం కూడా నేర్చింది. నన్ను కాకూ అని పిలుస్తుంది, వాళ్ళ భాషలో పిన్ని అని.

జివతి దగ్గర మా చుట్టాలింట్లో పెళ్ళికి మేమంతా మూడు రోజులు పోవాల్సి వచ్చింది. బయల్దేరే పొద్దున వందనకు ఇంటి తాళంచెవి ఇచ్చాను. ఇచ్చి గోడ దగ్గరే నిలబడ్డాను. రెండో ఇల్లు గుర్తొచ్చింది. దానికీ మూడు రోజులు మనిషి అలికిడి ఉండదు. ఎవ్వరికీ చెప్పొద్దని రూతు అన్న మాట గుర్తు రాక కాదు. కానీ ఎవ్వరూ అంటే పరాయివాళ్ళు. వందన పరాయిది ఎట్లా అవుతుంది? చీటీ తీసి చదివి వినిపించాను. ఒక్కొక్క అక్షరం. మధ్యలో ఆమె రాసుకోవడానికి కళ్ళజోడు తెచ్చుకుంటానంటే ఆగి మరీ.

"ఆ ఇల్లు గూడ జర చూస్కో వందనా" అన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం తిరిగి వచ్చాం. ఇల్లు అద్దంలా ఉంది. వందన తాళంచెవి ఇస్తూ, "రెండిండ్లు ఊడ్చిన కాకూ" అంది. నాకు ఎంత సంతోషమైందంటే, పెళ్ళినుంచి తెచ్చిన లడ్డూలు రెండు మా ప్లేటులో పెట్టి ఆమెకిచ్చాను. నేను ఒక మనిషికి రెండు లడ్డూలు ఇవ్వడం మా కాలనీ ఎన్నడూ చూసి ఎరగదు.

సాయంత్రం రూతు వెబ్‌సైట్ తెరిచింది. పేరు ఉంది, మా ఊరు ఉంది, ఫొటోలు ఉండాల్సిన చోట తెల్లటి గళ్ళు ఉన్నాయి.

మర్నాడు పొద్దున పదింటికి నాగపూర్‌లో చేతిపని వస్తువుల దుకాణం నడిపే ఒకావిడ ఆ ఫొటోలు చూస్తానని ముందే మాట ఇచ్చి ఉంది. నచ్చితే తన దుకాణంలో ఏడాది పొడుగునా రూతు బొంతలే పెడతానంది. తనతోపాటు కాలనీలో ఇంకో నలుగురు ఆడవాళ్ళకు చేతినిండా కుట్టు పని దొరుకుతుందని రూతు వాళ్ళకు చెప్పుకుంది కూడా.

అప్పుడు జరిగిందే మీరు మొదట విన్న జగడం. రూతు అడిగిన క్షణంలోనే నాకు వందన చీపురు కళ్ళముందు ఆడింది. నిజం గొంతుదాకా వచ్చి, మొహమాటపడి, వెనక్కి పోయింది.

రూతు హోస్టింగ్ కంపెనీకి ఫోన్ చేసింది. అవతల ఒక అబ్బాయి. గోడకు చేరగిలి నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. ఆ బియ్యంలో రాళ్ళు లేవు. అబ్బాయి చెప్పిందేమిటంటే, ఎవరో సరైన పాస్‌వర్డ్‌తోనే లోపలికి వచ్చి ఫొటోలు తీసేశారు, తీసేసినవి పడే చెత్తబుట్ట కూడా ఖాళీ చేశారు. బ్యాకప్ ఉంటే తెచ్చి ఇవ్వొచ్చునట. బ్యాకప్ అంటే, అన్నిటికీ ఇంకో నకలు తీసి వేరే చోట దాచడం.

మా దగ్గర అది లేదు. ఎందుకు లేదో కూడా చెప్పాలి కదా. ఇల్లు కిరాయికి తీసుకునేటప్పుడు, ఆ నకలు దాచే సౌకర్యం ఉన్నది వద్దు, లేనిదే చవక అన్నది నేను. రూతు ఫోన్ నిండిపోయి మెమరీ కార్డు కొంటానంటే, "ఒక్కటే బియ్యం రెండు డబ్బాలల్ల ఎందుకు పోస్తవ్? ఆ ఇంట్ల ఉన్నయ్ గద" అని, ఫోన్లోవి తీసేయించిందీ నేనే.

రూతు ఆ అబ్బాయితో గట్టిగా వాదించింది. పాస్‌వర్డ్ తనకూ తన అత్తకూ తప్ప ఎవరికీ తెలియదని హిందీలో చెప్పింది. అత్త ఎవరికన్నా చెప్పిందేమోనని అతను అనుమానపడ్డాడు కాబోలు, రూతు గొంతు పెరిగింది. తన అత్త అబద్ధం ఆడే మనిషి కాదని చెప్పింది.

భూమి చీలి నన్ను మింగితే బాగుండుననిపించింది. కింద గని ఉన్న ఊరు, సగం పని ముందే అయి ఉంది. అయినా మింగలేదు.

సరిగ్గా అప్పుడే వందన లడ్డూల ప్లేటు తిరిగి ఇవ్వడానికి వచ్చింది. వచ్చి, రూతును చూసి మురిసిపోతూ అడిగింది.

"రెండో ఇల్లు చూసినవా రూతూ? ఎంత చెత్త ఉండె. ఒక్కొక్క బొంత మూడేసి సార్లు, పెద్దది, చిన్నది, ఇంకా చిన్నది. మొత్తం తీసేసిన. మీరొచ్చినంక మీ తాన ఉన్న మంచివి సర్దుకుంటరని. చెత్తబుట్ట ఖాళీ జెయ్యకుండ ఇంటికి పోయే అలవాటు నాకు ఆఫీసుల గూడ లేకుండె."

రూతు ఫోన్ పెట్టేసింది. వందన వైపు చూడలేదు. నా వైపు చూసింది. సంగతి అర్థమయ్యాక వందన ప్లేటు అక్కడే పెట్టి ఏడ్చింది. పాపం, తన తప్పేమీ లేదు, ఊడ్చమన్నాను, ఊడ్చింది.

"తప్పు నాది బిడ్డా" అన్నాను. "అబద్ధం గూడ నాదే."

ఒట్టు వేయడం మా చర్చిలో తప్పు. అబద్ధం అంతకన్నా పెద్ద తప్పు గనుక చిన్నదాన్ని లెక్క చేయకుండా, కోడలు, అప్పుడే ఇంట్లోకి వచ్చిన నా కొడుకు, వందన వింటుండగా చెయ్యి చాచి ఒట్టు వేశాను. ఇకమీదట ఏ పాస్‌వర్డూ నా చెవిన పడనివ్వను. ఎవరన్నా ఒక వస్తువును రెండు చోట్ల కాదు, ఏడు చోట్ల దాచుకుంటానన్నా నోరు మెదపను. యంత్రాల మీద నింద వేయను. కిరాయి ఇల్లు ఏదైనా సరే, దాన్ని ఊడ్పించే బాధ్యత ఈ జన్మకు నా మీద వేసుకోను.

మర్నాడు పదింటికి నాగపూర్ ఆవిడ ఫోన్ చేసింది. తెల్లటి గళ్ళు తప్ప ఏమీ కనిపించడం లేదంది. నేను చెయ్యి చాచాను, ఫోన్ ఇస్తే నేనే చెప్పుకుంటానని. రూతు ఇవ్వలేదు. ఫొటోలు తన చేతిలోనే పోయాయని, తనదే పొరపాటని చెప్పింది. ఆవిడ మర్యాదగానే మాట్లాడింది, కానీ తాను ఆగలేనని, వేరేవాళ్ళ బొంతలు చూసుకుంటానని చెప్పి పెట్టేసింది.

రూతు రెండు గ్లాసుల్లో చాయ్ పోసి, ఒకటి నా ముందు పెట్టి, నలుగురు ఆడవాళ్ళకు పని లేదని చెప్పి రావడానికి చెప్పులు వేసుకుంది. నేను కూడా వేసుకున్నాను.