మెట్ల బావిలో రెండు చప్పట్లు

గోల్కొండలో రోజూ కథలు చెప్పుకుని బతికే గైడుని కదా, నా మాట మీరు ఎప్పుడూ సగమే నమ్ముతారు. తప్పు లేదు. రాణిగారి మహల్ దగ్గరికి వచ్చేసరికి నేను కాస్త ఉప్పూకారం కలుపుతాను. ఎండలో అంత ఎత్తు ఎక్కి వచ్చినవాళ్లకు ఆ మాత్రం రుచి ఉండాలి. కానీ ఇప్పుడు చెప్పబోయేదాంట్లో కలిపిందేమీ లేదు. మా అమ్మీ తల మీద చెయ్యి పెట్టి చెప్పమన్నా ఇదే చెబుతాను. మధ్యలో నవ్వకండి... అంతే నేను అడిగేది.

మా ఊరు షామీర్‌పేట చెరువు దాటాక, మేడ్చల్ వెళ్లే దారిలోంచి కాస్త లోపలికి ఉంటుంది. హైదరాబాదు చూడవచ్చినవాళ్లు చార్మినార్ ఎక్కుతారు. లాడ్‌బజార్లో గాజులు బేరమాడతారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం ముందు గంట కొట్టేదాకా పడిగాపులు కాస్తారు. ఏడు గుంబజులు చూసి, చివరికి అలసిపోయి గోల్కొండలో నా చేతికి చిక్కుతారు. ఉత్తరం వైపు మాత్రం ఎవరూ రారు. వచ్చినా జింకల పార్కు, ధాబాలో బిర్యానీ... అక్కడితో సరి. కానీ మా ఊళ్లో ఒక మెట్ల బావి ఉంది. మా ఇళ్లలో బౌలి అంటాం. పై నుంచి వెడల్పాటి రాతి మెట్లు, సగం దిగాక ఒక కమాను, దాని కింద నుంచి వెళ్తే అడుగున నల్లటి నీళ్లు. ఎవరు కట్టించారో తెలియదు. నేను ఈత నేర్చుకున్నది అందులోనే. చార్మినార్‌తో పాటు దాన్ని కూడా జనానికి చూపించి తీరాలని నాకు ఎప్పటినుంచో మొండి పట్టు.

ఆ మొండితనంలో నాకు తోడు దొరికింది మూర్తిగారు. బావికి అవతల లేచిన కొత్త కాలనీలో ఉంటారు. కాకినాడ మనిషి, ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. ఒకరోజు పొద్దున నడకకు వచ్చి, బావి చూసి, ఆఫీసు మాట మర్చిపోయి అక్కడే కూర్చున్నారట. అప్పటినుంచి ఇద్దరం కలిసి ముళ్లకంప కొట్టాం, సారా సీసాలు ఏరాం, ఆఫీసుల చుట్టూ కాళ్లు అరిగేలా తిరిగాం. చివరికి పాత కట్టడాలు చూసే బృందమొకటి ఆదివారం పొద్దున బస్సులో వస్తామంది. వాళ్లతో ఒక ఆఫీసరు కూడా. ఆయన చూసి సరేనంటే బావి పక్కన ప్రభుత్వం బోర్డు పడుతుంది. బోర్డు పడితే ఇక దాని జోలికి ఎవరూ రాలేరు.

పక్కన ప్లాట్లు వేస్తున్న మనిషికి కూడా ఈ సంగతి తెలిసింది. బావి పూడిపోతే ఆయన ప్లాట్లు రెండు వైపులా కలిసిపోతాయి. శనివారం మధ్యాహ్నం చాయ్ హోటల్లో నా చెవిన పడింది... ఆ రాత్రే టిప్పర్లలో కూల్చిన ఇళ్ల రాళ్లు, ఇటుకలు తెచ్చి పోస్తారట. తెల్లారి బస్సు వచ్చేసరికి అక్కడ చూడటానికి గుంత కూడా మిగలదు. నా ఒళ్లు మండిపోయింది. ఎవరికి ఫోన్ చేసినా పొద్దున చూద్దామన్నారు. పొద్దునకి చూడటానికి ఏముంటుంది? సరే, నేనే కాపలా కూర్చుంటానని తేల్చుకున్నాను. మూర్తిగారు తనూ వస్తానన్నారు. వద్దంటే వినలేదు.

సాయంత్రం ఇద్దరం బావి మెట్ల మీద కూర్చుని ఎవరు ఎక్కడుండాలో అనుకున్నాం. ఆయన కారు తీసుకుని రోడ్డు మలుపులో ఉంటారు. నేను బావి దగ్గర. అక్కడ ఫోన్ సిగ్నల్ ఉన్నట్టే ఉండి పోతుంది. అందుకని గోల్కొండ పద్ధతి పెట్టుకుందామన్నాను. కోట వాకిట్లో చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్ దాకా వినిపిస్తుంది కదా... ఎవరో వస్తున్నారని కాపలావాళ్లు అలా కబురు పంపేవారని నేను రోజూ చెప్పేదే. మనమూ అంతే. ఒకసారి కొడితే ఎవరో వస్తున్నారని. రెండుసార్లు కొడితే నా దగ్గరికి రమ్మని. మూర్తిగారు సంబరపడిపోయి అక్కడే కొట్టి చూశారు. కమాను కింద నుంచి ఆ చప్పుడు గుండ్రంగా తిరిగి వచ్చింది. ఆ సైగలు మా ఇద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియవు. చుట్టుపక్కల మనుషులెవరూ లేరు, అది మాత్రం ఖచ్చితంగా చెప్పగలను.

చీకటి పడింది. అమ్మీ ఏదో దువా చదివి నా మొహం మీద ఊది, దుప్పటి ఇచ్చి పంపింది. పై మెట్టు మీద కూర్చున్నాను. వెన్నెల లేదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద లారీల హోరు... గాలి మళ్లినప్పుడల్లా జవహర్‌నగర్ చెత్త వాసన... దోమలు. అన్నీ రోజూ ఉండేవే. కాసేపటికి కునుకు పడుతున్నట్టు అనిపించి తల విదిలించుకున్నాను.

అప్పుడు... ఠప్.

ఒక్కటే. అరచేతులు రెండూ నిండుగా కలిస్తే వచ్చే చప్పుడు. ఏళ్ల తరబడి కొడుతున్నవాణ్ణి, నాకు ఆ చప్పుడు తెలియదా? మూర్తిగారు కబురు పంపారనుకున్నాను. లేచి రోడ్డు వైపు చూశాను. ఏమీ లేదు. లైట్లు లేవు, ఇంజను చప్పుడు లేదు. అలా ఎంతసేపు నిలబడ్డానో... వెనకనుంచి గులకరాళ్లు నలిగిన చప్పుడు. తిరిగి చూస్తే ప్లాట్ల వైపునుంచి, లైట్లు ఆర్పుకుని, మెల్లగా టిప్పర్ వస్తోంది.

పరుగెత్తి అడ్డంగా నిలబడ్డాను. డ్రైవరు బ్రేకు వేసి తల బయట పెట్టాడు. నా వయసువాడే. జరగమన్నాడు. బతిమాలాడు. ఇది నీకెందుకన్నాడు. నేను బానెట్ మీద చెయ్యి వేసి కదలలేదు.

"పొయ్యాలనుకుంటే నా మీదికెళ్లి పొయ్యి. నేనైతే జరుగ" అన్నాను.

వాడు ఎవరికో ఫోన్ చేశాడు, తిట్లు తిన్నాడు. "నన్నేం జెయ్యమంటవన్నా, నేను మళ్ల రావాల్సిందే" అని మెల్లగా గొణిగి బండి వెనక్కి తిప్పుకుని పోయాడు. నాకు లోపల పండగలా ఉంది. మూర్తిగారికి చెబుదామని రోడ్డు మలుపుకు పోయాను. ఆయన కారు బయట నిలబడి, మెడ సాచి నా వైపే చూస్తున్నారు.

"ఎవరండీ వచ్చింది? మీరు చప్పట్లు కొట్టారు కదా" అన్నారు.

"కొట్టింది మీరు గద సార్?"

"నేనెందుకు కొడతానండీ? ఇటు పిట్ట కూడా రాలేదు."

మలుపులోంచి ప్లాట్ల దారి కనపడదు. టిప్పర్ వచ్చిన సంగతే ఆయనకు తెలియదు. ఆయన విన్నారు, నేనూ విన్నాను. ఇద్దరమూ కొట్టలేదు... తర్వాత మూర్తిగారే, రాయేదో జారిపడి ఉంటుందండీ అన్నారు. నేనూ అదే అయ్యుంటుందన్నాను. ఇక విడివిడిగా కూర్చునే ధైర్యం ఇద్దరికీ లేదు. ఆయన ఫ్లాస్కు పట్టుకుని నాతో బావి దగ్గరికి వచ్చేశారు.

పై మెట్టు మీద పక్కపక్కనే కూర్చున్నాం. కాఫీ పోశారు. వాళ్ల అమ్మాయి చదువు గురించి ఏదో చెప్తున్నారు. నేను ఊ కొడుతున్నాను...

ఠప్... ఠప్.

కింద నుంచి. కమాను కింద నుంచి.

నేను ముందు చూసింది మూర్తిగారి చేతులు. ఒక చేతిలో ఫ్లాస్కు, ఇంకో చేతిలో మూత. నా చేతులు దుప్పటి లోపల ఉన్నాయి. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రెండుసార్లు అంటే ఏమిటో ఆయనకు తెలుసు, నాకు తెలుసు. రమ్మని.

"పోదామండీ ఖాజాగారూ, ఇంటికి పోదాం" అన్నారు.

భయం వెయ్యలేదంటే అది అబద్ధం. కానీ భయం వెనకే కోపం కూడా వచ్చింది. ఆ ప్లాట్ల మనిషి మమ్మల్ని బెదరగొట్టడానికి ఎవరినో లోపల పెట్టాడేమో. లేదా ఎవరైనా తాగి పడిపోయి లేవలేక పిలుస్తున్నారేమో. ఏదైనా కానీ, నేను లేచి ఇంటికి పోతే పొద్దునకి బావి ఉండదు. నేను దిగుతా సార్, మీరు ఉండండి అన్నాను. ఆయన ఒంటరిగా పైన ఉండలేక నా చొక్కా పట్టుకుని వెనకే దిగారు.

ఫోన్ లైటు వేసుకుని ఒక్కో మెట్టు... ఒక్కో మెట్టు... కమాను దగ్గరికి వచ్చేసరికి చలి పెట్టింది. మా ఊపిరి మాకే వినపడుతోంది. కమాను దాటాం. ఎవరూ లేరు. గోడల్లో గూళ్లు, వాటిలో పావురాల రెట్ట. నీళ్ల మీద పాచి దుప్పటి పరిచినట్టు ఉంది, ఎక్కడా చెదరలేదు. కాలు జారకుండా కింది మెట్టు మీద చెయ్యి ఆన్చాను. ఆ రాయి... వెచ్చగా ఉంది. పక్క రాయి తడిమాను, చల్లగా ఉంది. ఆ పక్కదీ చల్లగానే ఉంది. ఆ ఒక్కచోటే, ఇంతసేపూ ఎవరో కూర్చుని ఇప్పుడే లేచిపోయినట్టు, వెచ్చగా. మూర్తిగారి చెయ్యి తీసుకుని అక్కడ పెట్టాను. ఆయన చటుక్కున వెనక్కి లాక్కున్నారు.

అప్పుడే పైన... పీక్... పీక్... పీక్. టిప్పర్ వెనక్కి వస్తోంది.

వాడు అన్నంత పనీ చేశాడు. పైన ఎవరూ కనపడలేదు కదా, మేం ఇంటికి పోయామనుకున్నాడు. ఇంజను హోరెత్తింది. తొట్టి పైకి లేస్తున్న చప్పుడు... ముందు మట్టి రాలింది. తర్వాత ఇటుక ముక్కలు మెట్ల మీద దొర్లుతూ వచ్చి కమాను కింద మా కాళ్ల దగ్గర పడ్డాయి. అరిచాం. గొంతు చించుకుని అరిచాం. ఇంజను చప్పుడులో ఎవరికి వినపడుతుంది? మూర్తిగారు గోడకు కరుచుకుపోయారు. ఇక్కడే పూడిపోతామని నాకు అర్థమైంది. ఏం చేశానో తెలుసా? కమాను నడిమధ్యన నిలబడి, బలమంతా పెట్టి చప్పట్లు కొట్టాను. ఆపకుండా. చేతులు మండిపోయేదాకా.

తొట్టి ఆగింది. ఇంజను ఆగింది.

ఇటుకల మీద పాకుతూ పైకి వచ్చాం. డ్రైవరు టైరు పక్కన కూలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవబోయి లేవలేకపోయాడు.

"లోపట ఎంతమంది ఉన్నరన్నా?" అని అడిగాడు.

ఇద్దరమేనన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు.

"కాదన్నా. ఇద్దరు గొట్టిన చప్పట్లు గావవి. పెండ్లిల కొట్టినట్టు, మస్తు మంది కొట్టిన్రు."

కొట్టింది నేనొక్కణ్ణే. కమాను కింద చప్పుడు పదింతలవుతుంది, అది గైడుగా నాకు తెలిసిన విషయమే. వాడికి అదే చెప్పాను. వాడు నా మాట వినిపించుకోలేదు. మిగిలిన లోడు అలాగే వేసుకుని వెళ్లిపోయాడు. తోటివాళ్లకు ఏం చెప్పాడో, ఆ తర్వాత ఏ టిప్పరూ మా బావి దిక్కు రాలేదు. మేం తెల్లారేదాకా ఇటుకలు ఎత్తి పోశాం. బస్సు వచ్చింది. ఆఫీసరు చెప్పులు విప్పి నీళ్లదాకా దిగి చూశాడు. కొన్నాళ్లకు బోర్డు పడింది. ఇప్పుడు ఆదివారాల్లో గోల్కొండ చూసినవాళ్లను అటు తీసుకుపోతున్నాను. మా ఊరి బావిని కూడా జనం ఫోటోలు తీసుకుంటున్నారు. నా పంతం నెగ్గింది.

కానీ ఆ రాత్రి సంగతి మాకు ఇప్పటికీ తెగలేదు. మూర్తిగారు ఏమంటారంటే... అది మేలు చేసే పిలుపండీ, మనం పైనే ఉండి ఆపితే వాడు మర్నాడు ఇంకో నలుగురిని వేసుకుని వచ్చేవాడు, లోపలికి దిగాం కాబట్టే ఇక ఎవరూ రావటం లేదు అని. అదీ నిజమేననిపిస్తుంది. కానీ నేను పైనే కూర్చుని ఉంటే మొదటిసారిలాగే ఆపేవాణ్ణి కదా? సరిగ్గా లోడు పడే వేళకు, సరిగ్గా అది పడే చోటికి మమ్మల్ని పిలిచింది. మమ్మల్ని కాపాడటానికి పిలిచిందా... తన దగ్గరే ఉంచుకోవడానికి పిలిచిందా? నాకు తెలియదు. చాలా ఆలోచించాను. తెలియదు.

అంతమాత్రాన బావిని వదిలేది లేదు. బతికున్నంతకాలం జనాన్ని తీసుకుపోతాను, చూపిస్తాను. కాకపోతే పైన ఒక మనిషిని నిలబెట్టకుండా నేను కమాను దాటి దిగను. ఆ నిలబడేది మూర్తిగారే. ఎండైనా వానైనా, నేను పైకి వచ్చేదాకా ఆయన ఆ మెట్టు మీదనుంచి కదలరు.